ఇన్‌ఫ్రారెడ్ సౌనా: ఒంటికంతటికీ పెట్టే కాపడం

మే నెలలో నల్లగొండలో గానీ పాలమూరులో గానీ స్లాబు ఇంట్లో పడుకున్నవాళ్లకు ఈ సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. పొద్దుగూకి మూడు గంటలైనా, బయట గాలి చల్లబడినా, పైనున్న స్లాబు మాత్రం మొహం మీదికి వేడి కొడుతూనే ఉంటుంది. ఫ్యాను వేస్తే గాలి కదులుతుంది తప్ప ఆ వేడి ఆగదు. గాలితో పని లేకుండా స్లాబు నుంచి నేరుగా ఒంటికి చేరే ఆ వేడే ఇన్‌ఫ్రారెడ్. పాఠాల్లో పరారుణ కిరణాలు అని చదువుకున్నది దీన్నే. పగలంతా ఎండలో కాగి 45 డిగ్రీలకు చేరిన స్లాబు వదిలే కిరణాలు 9 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తరంగదైర్ఘ్యం దగ్గర బలంగా ఉంటాయి. సౌనాలో, అంటే చెమట పట్టేలా వేడిచేసిన గదిలో, కూర్చోబెట్టి ‘ఫార్ ఇన్‌ఫ్రారెడ్’ పేరుతో ఇచ్చేదీ ఈ జాతి వేడే.

సౌనాను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. నడుము పట్టేస్తే వేడి ఇటుకను గుడ్డలో చుట్టి పెడతాం. కాలు బెణికితే ఉప్పు మూటతో కాపుతాం. జలుబు చేస్తే వావిలాకు వేసి ఆవిరి పడతాం. ఇన్‌ఫ్రారెడ్ సౌనా ఒంటికంతటికీ ఒకేసారి పెట్టే కాపడం. కాపడంతో వచ్చే హాయి అందులో ఉంది, కాపడం అతి అయితే వచ్చే ముప్పూ ఉంది. ‘కణాల్లోకి దిగే కిరణాలు’, ‘విషాలు కడిగేసే చెమట’ లాంటి అమ్మకపు మాటలు పక్కన పెట్టి, వేడి ఒంట్లో ఏం చేస్తుందో తెలుసుకుంటే చాలు. ఎవరు కూర్చోవచ్చో, ఎంతసేపు కూర్చోవచ్చో, ఎవరు ఆ గుమ్మం తొక్కకూడదో అన్నీ అందులోంచే తేలతాయి.

గాలి వేడి, కిరణం వేడి

చలికాలం మంట కాగేటప్పుడు ముందువైపు చురుక్కుమంటుంది, వీపు చల్లగానే ఉంటుంది. మంట నుంచి కిరణాలు సూటిగా వస్తాయి కాబట్టి ఎదురుగా ఉన్న చర్మానికే తగులుతాయి. 1800లో విలియం హెర్షెల్ ఎండను పట్టకంతో రంగులుగా విడదీసి ఒక్కో రంగులో థర్మామీటరు పెట్టి చూశాడు. ఎరుపు దాటాక, కంటికి ఏ వెలుగూ కనిపించని చోట, పాదరసం ఇంకా పైకి ఎక్కింది. ఇన్‌ఫ్రారెడ్ అలా బయటపడింది.

ఫిన్లాండ్ పద్ధతి సౌనాలో పొయ్యి మీద రాళ్లు కాల్చి గదిలోని గాలినే 80, 90 డిగ్రీలకు తెస్తారు. ఆవిరి గదిలో గాలి 45 డిగ్రీల దగ్గరే ఉన్నా తేమ నిండి ఉంటుంది కాబట్టి చెమట ఆరదు. ఇన్‌ఫ్రారెడ్ గదిలో గాలి 45 నుంచి 60 డిగ్రీలు, తేమ తక్కువ. వేడిలో ఎక్కువ పాలు గోడల్లోని ప్యానెళ్ల (కరెంటుతో కాగే పలకల) నుంచి నేరుగా ఒంటి మీద పడుతుంది. అందుకే ఊపిరి ఆడనట్టు ఉండదు, ముక్కు మండదు. దాని సుగుణం అదే, ప్రమాదం కూడా అక్కడే మొదలవుతుంది. తేలిగ్గా ఉంది కదా అని జనం ఎక్కువసేపు కూర్చుంటారు.

గది తలుపు పక్కన కనిపించే 50 అనే అంకె గాలి వేడిని చెబుతుంది. ఆ సెన్సర్ సాధారణంగా పైకప్పు దగ్గర ఉంటుంది. ఛాతీకి జానెడు దూరంలో ఉన్న ప్యానెల్ మీ చర్మానికి ఎంత వేడి ఇస్తోందో దానికి తెలియదు. ఒకే 50 డిగ్రీల దగ్గర, ప్యానెల్‌కు ఆనుకొని కూర్చున్న మనిషికీ, బెంచీ మధ్యలో కూర్చున్న మనిషికీ తగిలే వేడిలో చాలా తేడా ఉంటుంది. అంకె కంటే గడియారాన్ని, గడియారం కంటే ఒంటి తీరును నమ్మాలి.

ఇక అమ్మేవాళ్లు చెప్పే ‘ఒకటిన్నర అంగుళం లోపలికి దిగే కిరణాలు’ అన్న మాట. వస్తువు ఎంత వేడిగా ఉంటే అది వదిలే కిరణం అంత పొట్టిది, అంటే తరంగదైర్ఘ్యం అంత తక్కువ. 100 డిగ్రీలున్న కార్బన్ ప్యానెల్ నుంచి వచ్చే కిరణాల్లో ముఖ్యమైన భాగం 8 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. చర్మంలోని నీళ్లు వాటిని పై పొరలోనే, మిల్లీమీటరులో పదో వంతు దాటకముందే, దాదాపుగా పీల్చేస్తాయి. ఎర్ర బల్బుల నుంచి వచ్చే ‘నియర్ ఇన్‌ఫ్రారెడ్’ పొట్టి కిరణం. అది కొన్ని మిల్లీమీటర్లు దిగుతుంది. అంగుళాల లోతుకు రెండూ పోవు. మరి కూర్చున్న పావుగంటకు కండరాలు వదులైనట్టు ఎలా అనిపిస్తుంది? చర్మం దగ్గర వేడెక్కిన నెత్తురు ఆ వేడిని లోపలికి మోసుకుపోతుంది. ఇటుక కాపడం పని చేసేదీ ఇలాగే.

ఒంట్లో జరిగేది

చర్మం వేడెక్కగానే దానిలోని సన్నని రక్తనాళాలు వెడల్పవుతాయి. వేడిని బయటికి పంపడానికి శరీరం నెత్తురును పొట్ట భాగం నుంచి చర్మం వైపు మళ్లిస్తుంది. నాళాలు వెడల్పయ్యాక బీపీ పడిపోకుండా ఉండాలంటే గుండె వేగం పెంచాలి. అప్పటిదాకా నిమిషానికి 70 సార్లు కొట్టుకున్న గుండె 100 దాకా, కొందరిలో ఇంకా పైకి పోతుంది. చెమట మొదలవుతుంది. ఒక గ్రాము చెమట ఆవిరైతే సుమారు 0.58 కిలోక్యాలరీల వేడి ఒంటి నుంచి పోతుంది. కారి నేల మీద పడిన చెమట ఒంటిని చల్లబరచదు, అందులోని నీళ్లూ ఉప్పూ నష్టం కింద పోయినట్టే.

గుండెకు చురుగ్గా నడిచినంత పని పడుతుందని అంటారు. గుండె వేగం వరకు అది సరైన పోలికే. కాళ్ల కండరాలు, ఎముకలు, షుగర్ ఖర్చు విషయంలో ఆ పోలిక నిలబడదు. నడక మానేసి సౌనాలో కూర్చోవడం లాభసాటి బేరం కాదు.

లేచి నిలబడే క్షణాన్ని జాగ్రత్తగా గమనించాలి. నాళాలు వెడల్పుగా ఉన్నాయి, ఒంట్లో అర లీటరు నీళ్లు తగ్గాయి, ఆ స్థితిలో ఒక్కసారిగా లేస్తే నెత్తురు కాళ్లలోకి దిగి మెదడుకు చాలదు. కళ్లు బైర్లు కమ్ముతాయి. అలా పడిపోతే దెబ్బలు తగులుతాయి.

ఎంతవరకు రుజువుంది

సౌనా మేలు గురించి తరచూ ఉదహరించే పెద్ద అధ్యయనం ఫిన్లాండ్‌లోని కువోపియో ప్రాంతానిది. నడివయసు మగవాళ్లు 2,315 మందిని సుమారు 20 ఏళ్లు గమనించి 2015లో ఫలితాలు ప్రచురించారు. వారానికి నాలుగు నుంచి ఏడుసార్లు సౌనా చేసినవాళ్లలో గుండె ఆగి హఠాత్తుగా చనిపోవడం తక్కువగా కనిపించింది. అయితే అది రాళ్ల పొయ్యి సౌనా. పైగా అది గమనించిన అధ్యయనం. ఆరోగ్యం బాగున్నవాళ్లే ఎక్కువసార్లు సౌనాకు వెళ్లి ఉండొచ్చన్న అనుమానం పూర్తిగా తీరదు. దాన్ని తెచ్చి ఇన్‌ఫ్రారెడ్ గది తలుపుకు అంటించడం న్యాయం కాదు.

ఇన్‌ఫ్రారెడ్ మీద నేరుగా జరిగిన పని జపాన్‌ది. కగోషిమాలో చువా తెయ్ అనే హృద్రోగ వైద్యుడు ‘వాఒన్’ చికిత్స రూపొందించాడు. 60 డిగ్రీల పొడి ఇన్‌ఫ్రారెడ్ గదిలో 15 నిమిషాలు, తర్వాత దుప్పటి కప్పి 30 నిమిషాల విశ్రాంతి, పోయిన బరువుకు సరిపడా నీళ్లు. గుండె బలహీనమైన రోగులకు వైద్యుల సమక్షంలోనే ఇచ్చారు. 2016లో వెలువడిన బహుళ కేంద్రాల పరీక్షలో 149 మంది ఉన్నారు. రోగులు నడవగల దూరం, ఆయాసం మెరుగైనట్టు కనిపించింది కానీ, ముఖ్య కొలతగా పెట్టుకున్న బీఎన్‌పీ అనే, గుండె మీది భారాన్ని తెలిపే రక్త పరీక్షలో, చికిత్స తీసుకున్న, తీసుకోని రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నెదర్లాండ్స్‌లో కీళ్లవాతం, వెన్ను బిగుసుకునే జబ్బు ఉన్న 34 మందికి నాలుగు వారాల్లో ఎనిమిదిసార్లు ఇన్‌ఫ్రారెడ్ సౌనా ఇచ్చి చూశారు. కూర్చున్నప్పుడు నొప్పి, బిగుతు తగ్గాయి, జబ్బు పెరగలేదు, నాలుగు వారాల మొత్తం మీద మాత్రం లెక్కకు నిలిచే మార్పు రాలేదు.

దీన్నిబట్టి మేము చెప్పగలిగేది ఇది. కండరాల బిగుతు, కీళ్ల పట్టేత, అలసట నుంచి కొన్ని గంటల ఉపశమనం, కొందరికి మంచి నిద్ర. ఇవి ఆశించవచ్చు. జబ్బు నయం చేస్తుందన్న మాటకు ఆధారం లేదు.

క్యాలరీల లెక్క ఎక్కడ తప్పింది

‘అరగంటకు 600 క్యాలరీలు కరుగుతాయి’ అన్న మాట చాలా ప్రకటనల్లో కనిపిస్తుంది. 1,600 వాట్ల గది అరగంట నడిస్తే 0.8 యూనిట్ కరెంటు ఖర్చు. క్యాలరీల్లో అది 690 దాకా. అందులో కొంత మీ ఒంటికి చేరుతుంది, దాన్ని చెమట రూపంలో మీ ఒళ్లు బయటికి తోసేస్తుంది. అంటే చెమటతో పోయిన వేడిలో ఎక్కువ భాగం మీటరులో తిరిగిన వేడే. మీ కొవ్వు దానికి ఇంధనం కాలేదు. బయటికొచ్చి బరువు చూసుకుంటే అర కిలో తగ్గడం నిజమే, అవి నీళ్లు. రెండు గ్లాసులు తాగితే మళ్లీ వచ్చేస్తాయి, రావాలి కూడా. బరువు తగ్గిందన్న సంతోషంతో నీళ్లు తాగకుండా ఇంటికి పోయేవాళ్లే రాత్రికి తలనొప్పితో, పిక్కలు పట్టేసి బాధపడతారు.

ఫ్లోరైడ్ గురించి ఒక మాట

మన వైపు ఈ సౌనా ముచ్చట వచ్చినప్పుడు తప్పకుండా వినిపించే ప్రశ్న, చెమటతో ఫ్లోరైడ్ పోతుందా అని. నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు బోరు నీళ్లు తాగి వంగిపోయిన వెన్నుల్ని, బిగుసుకుపోయిన మోకాళ్లని చూసిన ఎవరికైనా ఆ ప్రశ్న వెనుక ఉన్న ఆశ అర్థమవుతుంది. అందుకే జవాబు సూటిగా చెప్పాలి. పోదు.

పెద్దవాళ్ల ఒంట్లోకి చేరిన ఫ్లోరైడ్‌లో సుమారు సగం మూత్రం గుండా బయటికి పోతుంది. మిగిలింది ఎముకల్లో, పళ్లలో చేరుతుంది. ఒంట్లో నిలిచే ఫ్లోరైడ్‌లో 99 శాతం అక్కడే ఉంటుంది. పాత ఎముక కరిగి కొత్తగా కట్టుకునే క్రమంలో ఏళ్ల మీద కొంచెం కొంచెం విడుదలవుతుంది తప్ప, చర్మం వేడెక్కినంత మాత్రాన కరిగి చెమటలోకి రాదు. చెమటలో కనిపించేది బహు స్వల్పం. ఫ్లోరైడ్‌ను బయటికి పంపే పని మూత్రపిండాలది, వాటికి కావాల్సింది నీళ్లు. చెమట ఎక్కువ పట్టించి నీళ్లు తగ్గిస్తే మూత్రం తగ్గుతుంది. అంటే ఉన్న దారినే ఇరుకు చేసుకున్నట్టవుతుంది.

ఫ్లోరోసిస్ ఉన్నవాళ్ల కీళ్ల బిగుతుకు వేడి కాసేపు సుఖం ఇవ్వవచ్చు. కానీ ముదిరిన ఫ్లోరోసిస్‌లో పెరిగిన ఎముక వెన్నుపామును నొక్కి కాళ్లు మొద్దుబారతాయి. స్పర్శ లేని కాలికి కాలుతున్నట్టు తెలియదు. పిక్క మీద బొబ్బ లేచేదాకా ప్యానెల్ దగ్గర కాలు పెట్టి కూర్చునే ప్రమాదం ఉంది. మొద్దుబారిన కాళ్లున్న ఏ మనిషీ, ఫ్లోరైడ్ వల్ల కానీ, షుగర్ వల్ల కానీ, ఈ గదిలో కూర్చోకూడదు.

చెమట పోయిన చోట తాగే నీళ్లేవన్నది కూడా ఇక్కడ ముఖ్యమే. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా అని మన జాతీయ ప్రమాణం. బోరు నీటిని కాచి తాగితే చాలనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కాస్తే నీళ్లు ఆవిరై ఫ్లోరైడ్ మిగులుతుంది, గాఢత పెరుగుతుంది. మిషన్ భగీరథ నల్లా నీళ్లో, ఫ్లోరైడ్ తీసిన నీళ్లో తాగాలి. పటికా సున్నమూ వేసి ఫ్లోరైడ్ తేర్చే పద్ధతికి లోకమంతా ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరు ఉంది, అది నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది.

ఎవరు దూరంగా ఉండాలి

ఈ మధ్య గుండెపోటు వచ్చినవాళ్లు, కూర్చున్నా ఛాతీ నొప్పి వచ్చేవాళ్లు, గుండె కవాటం బాగా ఇరుకైనవాళ్లు సౌనా జోలికి వెళ్లకూడదు. గుండె వేగం పెంచి బీపీ నిలబెట్టుకునే స్తోమత వాళ్ల గుండెకు ఉండదు. గర్భిణులు, ముఖ్యంగా మొదటి మూడు నెలల్లో, కూర్చోకూడదు. తల్లి లోపలి వేడి 39 డిగ్రీలు దాటితే బిడ్డ వెన్నుపాము సరిగా మూసుకోకపోయే ప్రమాదం పెరుగుతుంది. జ్వరం, విరేచనాలు ఉన్న రోజు, ఉపవాసం ఉన్న రోజు వద్దు. చిన్నపిల్లలకు వద్దు, వాళ్ల ఒళ్లు పెద్దవాళ్ల కంటే తొందరగా వేడెక్కుతుంది.

పిల్లల కోసం ప్రయత్నిస్తున్న మగవాళ్లు ఒక సంగతి తెలుసుకోవాలి. వీర్యకణాలు తయారు కావడానికి రెండున్నర నెలలు పడుతుంది, ఆ పని ఒంటి వేడి కంటే తక్కువ వేడిలోనే జరుగుతుంది. 80, 90 డిగ్రీల సౌనాలో వారానికి రెండుసార్లు చొప్పున మూడు నెలలు కూర్చున్న పది మందిలో కణాల సంఖ్య తగ్గింది, మానేసిన ఆరు నెలలకు మామూలైంది. ఇన్‌ఫ్రారెడ్‌లో గాలి వేడి తక్కువే అయినా ప్యానెల్ ఒడి ఎదురుగానే ఉంటుంది. ఆ ప్రయత్నం సాగినన్ని రోజులు మానుకోవడమే మేలు.

మందుల విషయం చాలామంది మర్చిపోతారు. బీపీకి వాడే నీటి మాత్రలు ముందే ఒంట్లో నీళ్లు తగ్గించి ఉంచుతాయి. అటెనోలాల్, మెటోప్రోలాల్ లాంటివి గుండె వేగం పెరగనివ్వవు. ప్రొస్టేట్ కోసం వాడే టామ్సులోసిన్ లేచి నిలబడ్డప్పుడు బీపీ పడేస్తుంది. అవిల్, అమిట్రిప్టిలిన్ చెమటను తగ్గిస్తాయి, అంటే ఒంటిని చల్లబరిచే దారినే మూస్తాయి. లిథియం వాడేవాళ్లలో నీళ్లు తగ్గితే మందు నెత్తురులో పేరుకుంటుంది. ఇన్సులిన్ వేసుకున్న వెంటనే సౌనాలో కూర్చుంటే మందు వేగంగా నెత్తురులోకి దిగి షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. తీవ్రమైన నొప్పికి అంటించుకునే ఫెంటనిల్ పట్టీ మీద వేడి పడితే మందు ఎక్కువ మోతాదులో ఒంట్లోకి పోతుంది, ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. వీటిలో ఏది వాడుతున్నా డాక్టరును అడగాలి. మాత్ర పేరు చెప్పి అడగాలి, ‘సౌనా చేయొచ్చా’ అని మాత్రమే అడిగితే సరైన జవాబు రాదు.

కల్లు తాగి కూర్చోవడం అన్నింటికంటే పెద్ద తప్పు. మత్తు నాళాలను ఇంకా వెడల్పు చేస్తుంది, మూత్రం పెంచుతుంది, ఇక చాలు లేద్దామన్న తెలివిని తీసేస్తుంది. కల్లులో మత్తు మందులు కలిపే కల్తీ మన జిల్లాల్లో కొత్త కాదు. ఆ మందు పడ్డ మనిషి వేడిలోనే నిద్రపోతాడు.

మరో మాట కూడా చెప్పాలి. ఎండలో పత్తి ఏరి, ఇటుకలు మోసి, సెంట్రింగ్ పని చేసి వచ్చిన మనిషికి ఈ గది అవసరం లేదు. ఏడు నుంచి పద్నాలుగు రోజులు ఎండలో పని చేస్తే ఒళ్లు దానికి అలవాటు పడుతుంది, చెమట తొందరగా మొదలవుతుంది, చెమటలో ఉప్పు తగ్గుతుంది. సౌనా ఇచ్చే వేడి అలవాటు పాలమూరు కూలీకి ఎప్పుడో ఉంది. ఆ మనిషికి కావాల్సింది నీడ, నీళ్లు, విశ్రాంతి.

కూర్చునే పద్ధతి

మన దగ్గర కార్తీకం నుంచి శివరాత్రి దాకా సౌనాకు అనువైన కాలం. ఏప్రిల్, మే నెలల్లో 43 డిగ్రీల ఎండలో తిరిగి వచ్చిన ఒంట్లో ముందే నీళ్లు తక్కువ. ఆ రోజుల్లో మానేయడమే మంచిది.

భోజనం చేసిన రెండు గంటల తర్వాత, ఆకలితో కళ్లు తిరగని సమయం చూసుకోవాలి. అరగంట ముందు ఒక పెద్ద గ్లాసు, సుమారు 300 మిల్లీలీటర్ల నీళ్లు తాగాలి. బరువు చూసుకొని రాసుకోవాలి. ఒంటికి కొబ్బరి నూనె, నొప్పి బామ్ లాంటివి రాసుకొని కూర్చోవద్దు. బామ్‌లోని మెంథాల్, కర్పూరం వేడికి చర్మాన్ని మండిస్తాయి, పైగా చర్మానికి తగిలే అసలు వేడిని తెలియనివ్వవు. గొలుసులు, కడియాలు, గాజులు, మెట్టెలు తీయగలిగినవన్నీ తీసేయాలి. పుస్తెలతాడు తీయడం ఇష్టం లేని ఆడవాళ్లు పుస్తెలు చర్మానికి ఆనకుండా నూలు గుడ్డ చుట్టుకోవచ్చు. కాంటాక్ట్ లెన్సులు ఎండి గుచ్చుకుంటాయి కాబట్టి తీసేయాలి. ఫోను బయటే పెట్టాలి. చాలా ఫోన్లు 35 డిగ్రీల దాకా ఉండే చోట వాడటానికి తయారైనవి. బట్టలు పల్చటి నూలువి చాలు. పాలిస్టర్ వద్దు.

మొదటి వారం గది వేడి 40, 45 డిగ్రీల మధ్య పెట్టి 10 నిమిషాలు, రెండుసార్లు చాలు. రెండో వారం 15 నిమిషాలు. ఇబ్బంది లేకపోతే నెల తిరిగేసరికి 50 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు, వారానికి రెండు మూడుసార్లు. ఆరోగ్యవంతులైనా 30 నిమిషాలు దాటవద్దు. 20 నిమిషాలకు చెమట రాలేదని సమయం పెంచుతూ పోయేవాళ్లుంటారు. చెమట ఆలస్యంగా రావడానికి ఒంట్లో నీళ్లు తక్కువుండటం, చెమట తగ్గించే మందు వాడటం కూడా కారణాలే. అప్పుడు సమయం పెంచితే ప్రమాదమే.

కూర్చునే చోట ఒక మందపాటి నూలు తువ్వాలు, వీపు వెనుక ఇంకొకటి వేసుకోవాలి. వీపు ప్యానెల్‌కు ఆనకూడదు, నాలుగు వేళ్ల ఎడం ఉండాలి. మధ్యలో ఒకసారి కూర్చునే కోణం మార్చాలి. అయిపోయాక హీటర్ ఆపి, తలుపు తెరిచి, లోపలే రెండు నిమిషాలు కాళ్లు కదుపుతూ కూర్చోవాలి. ఆ తర్వాతే గోడో, గడపో పట్టుకొని లేవాలి. బయట పది నిమిషాలు కూర్చుని, చెమట ఆగాక గోరువెచ్చటి నీళ్లతో స్నానం చేయాలి. వెంటనే చల్లటి నీళ్లు నెత్తిన గుమ్మరించుకుంటే బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు అది మంచిది కాదు.

మళ్లీ బరువు చూడాలి. 62.4 కిలోలున్న మనిషి 61.9కి వస్తే పోయింది అర లీటరు. 600 నుంచి 750 మిల్లీలీటర్లు రెండు గంటల్లో కొద్దికొద్దిగా తాగాలి. ఒకేసారి లీటరున్నర గటగటా తాగితే నెత్తురులో ఉప్పు పలచబడి వాంతులు, తలనొప్పి వస్తాయి. చిటికెడు ఉప్పేసిన పల్చటి మజ్జిగ చక్కగా పనిచేస్తుంది. బీపీ ఉన్నవాళ్లు ఉప్పు వేసుకోవద్దు. ఓఆర్ఎస్ కలిపితే లీటరు ప్యాకెట్‌ను లీటరు నీళ్లలోనే కలపాలి, గ్లాసులో సగం ప్యాకెట్ పోసి తాగితే దాహం పెరుగుతుంది. మూత్రపిండాల జబ్బుతో నీళ్లు కొలిచి తాగమన్నవాళ్లకు ఈ లెక్క వర్తించదు. వాళ్లు డాక్టరు అనుమతి లేకుండా కూర్చోకూడదు.

హైదరాబాద్‌లో సౌనా చేసి అప్పటికప్పుడే నార్కట్‌పల్లి రోడ్డు మీదో జడ్చర్ల రోడ్డు మీదో వంద కిలోమీటర్లు బండి నడుపుకుంటూ రావద్దు. అరగంట కూర్చుని, నీళ్లు తాగి, కళ్లు తిరగడం లేదని రూఢి చేసుకున్నాకే బయల్దేరాలి.

తేడా చేసినప్పుడు

తల దిమ్ముగా ఉండటం, వికారం, గుండె దడ, వేడిలో ఉన్నా చలి పుట్టి రోమాలు నిక్కబొడుచుకోవడం, అప్పటిదాకా కారుతున్న చెమట ఆగిపోవడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా సెషన్ ముగిసినట్టే. తలుపు తోసి, నిలబడకుండా కిందికి జారి కూర్చుని బయటికి రావాలి. పక్కనున్నవాళ్లు ఆ మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తు మీద పెట్టాలి. మెడ, చంకలు, గజ్జల్లో తడి గుడ్డలు వేసి ఫ్యాను తిప్పాలి. మాట తడబడుతున్నా, ఎక్కడున్నాడో తెలియకపోయినా, పిలిస్తే పలకకపోయినా అది వడదెబ్బ. నోట్లో నీళ్లు పోయకుండా 108కి ఫోను చేయాలి, అంబులెన్సు వచ్చేదాకా ఒంటి మీద నీళ్లు పోస్తూనే ఉండాలి.

నెలల తరబడి ఒకే చోట వేడి తగిలితే చర్మం మీద వల అల్లినట్టు ఎర్రటి, గోధుమరంగు గీతలు పడతాయి. పొయ్యి ముందు ఏళ్లుగా కూర్చున్న ఆడవాళ్ల పిక్కల మీదా, కశ్మీర్‌లో కాంగ్డీ కుంపటి ఒడిలో పెట్టుకునేవాళ్ల పొట్ట మీదా కనిపించేది ఇదే. కాంగ్డీ పెట్టుకున్నచోట చర్మ క్యాన్సర్ రావడం వైద్యులకు చాలాకాలంగా తెలుసు. సౌనాలో ఆ గీతలు కనిపిస్తే ఆపేసి చర్మ వైద్యుడికి చూపించాలి.

లోపల హీటర్ తీగలుండి ఒంటికి చుట్టుకునే సౌనా దుప్పట్ల విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. గదిలో చర్మానికీ హీటర్‌కూ మధ్య గాలి ఉంటుంది. దుప్పట్లో హీటర్ ఒంటికి తాకుతుంది. 44 డిగ్రీల వస్తువు ఆరు గంటలు ఆనితే చర్మం కాలుతుంది, వేడి పెరిగేకొద్దీ ఆ సమయం నిమిషాలకు, సెకన్లకు పడిపోతుంది. దుప్పట్లో నిద్రపోవడం, మోచెయ్యి దగ్గర మడత పడిన తీగ మీద పడుకోవడం వల్ల కాలిన గాయాలవుతాయి. నూలు ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా వేసుకొని, టైమర్ పెట్టుకొని, ఇంకొకరు ఇంట్లో ఉన్నప్పుడే వాడాలి. ఎర్ర బల్బుల దీపాలైతే కనీసం రెండడుగుల దూరం, బల్బు వైపు చూడకుండా కళ్లకు అడ్డు. గాజు కొలుముల ముందు ఏళ్లు పనిచేసినవాళ్లకు కంట్లో శుక్లాలు వచ్చింది ఈ పొట్టి కిరణాల వల్లనే.

నలుగురు వాడే చోట తామర అంటుకోవడం తేలిక. బెంచీ మీద మీ తువ్వాలే ఉండాలి. ఒకరు లేచాక సబ్బు నీటి గుడ్డతో తుడిచి ఆరనివ్వని చోట కూర్చోకపోవడమే మంచిది.

గది, కరెంటు

ఇంట్లో పెట్టుకునేవాళ్లు గది అందం చూసి కొంటారు. మేమైతే ముందు తలుపు చూడమంటాం. తలుపు బయటికి తెరుచుకోవాలి, లోపల గడియ ఉండకూడదు, వేలితో తోస్తే ఊడిపోయే అయస్కాంతం చాలు. పైన గాలి పోయే కన్నం ఉండాలి. చెక్కకు లోపలివైపు వార్నిష్, పెయింట్ ఉండకూడదు. కొత్త గదిని మొదట రెండు మూడుసార్లు మనిషి లేకుండా, తలుపు తెరిచి, పూర్తి వేడి మీద గంటసేపు నడపాలి. అప్పటికీ కళ్లు మండే జిగురు వాసన పోకపోతే చౌకరకం ప్లైవుడ్ వాడినట్టు. ఆ గది తిరిగి ఇచ్చేయాలి.

1,600 వాట్ల గది 230 వోల్టుల దగ్గర 7 ఆంపియర్లు లాగుతుంది. టీవీకి పెట్టే 6 ఆంప్స్ సాకెట్ దానికి చాలదు. గీజరుకు వేసినట్టు 16 ఆంప్స్ సాకెట్, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, విడిగా ఎంసీబీ (కరెంటు మితిమీరితే ఆపే స్విచ్చు), 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపే స్విచ్చు), పనిచేసే ఎర్త్ ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టవద్దు. ‘ఈఎంఎఫ్ (విద్యుదయస్కాంత క్షేత్రం) తక్కువ’ అని రాసిన స్టిక్కరు కంటే, చెమటతో తడిసిన ఒంటితో కూర్చునే గదికి ఎర్త్ ఉందో లేదో చూడటం వెయ్యి రెట్లు ముఖ్యం.

ఊరి చివరి ఇళ్లలో సాయంత్రం వోల్టేజీ 190కి పడటం మామూలే. హీటర్ శక్తి వోల్టేజీ వర్గాన్ని (వోల్టేజీని దానితోనే గుణించిన లెక్కను) బట్టి తగ్గుతుంది కాబట్టి 1,600 వాట్ల గది అప్పుడు 1,090 వాట్లే ఇస్తుంది. గది వేడెక్కడానికి చాలా సమయం పడుతుంది, కూర్చున్న మనిషి విసుగొచ్చి అంకె పైకి పెంచుతాడు. అంతలో బోర్లు ఆగి వోల్టేజీ మళ్లీ ఎక్కితే ప్యానెళ్లు ఒక్కసారిగా పూర్తి బలంతో కాగుతాయి. వోల్టేజీ తక్కువున్న రోజు సెట్టింగు మార్చకుండా, మామూలుగా కూర్చునే నిమిషాలే కూర్చుని లేవాలి.

నెలకొకసారి, గది 20 నిమిషాలు నడిచాక, పొడి చేత్తో ప్లగ్ టాప్ వెనుక ముట్టుకొని చూడాలి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చెయ్యి ఆనించలేనంత కాలుతున్నా, ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగినా, లోపల తీగ బిగింపు వదులైనట్టు. మెయిన్ ఆపేసి, ఎలక్ట్రీషియన్ వచ్చి ప్లగ్గూ సాకెట్టూ రెండూ మార్చేదాకా ఆ గదిని మళ్లీ ఆన్ చేయకూడదు.